టివింజా పట్టా

దస్తావేజులు చదవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఎవరివైనా ఫరవాలేదు. ఇచ్చేవారెవరు, పుచ్చుకునేవారెవరు, చెక్కుబందీ ఏమిటి, షరతులేమిటి అన్నవి చూస్తే చాలు, రాసిన చేతి పనితనం తెలిసిపోతుంది. ఇన్నేళ్లలో నా కంటబడ్డ అతి చిత్రమైన దస్తావేజు మన తాలూకాలది కాదు, మన దేశానిదీ కాదు. ఇచ్చేది పెరూ ప్రభుత్వం. పుచ్చుకునేది ఈక్వడార్ ప్రభుత్వం. ఆస్తి ఏమిటంటే, అమెజాన్ అడవి ఎగువన కొండల్లో ఒక చదరపు కిలోమీటరు. ప్రతిఫలం ఏమీ లేదు, ఉచితం. ఆ కిలోమీటరుకు యజమాని ఈక్వడార్. నేల మాత్రం పెరూ దేశానిది.

ఒక దేశం పొరుగు దేశంలో పట్టాదారు కావడమన్నమాట! ఆ చోటి పేరు టివింజా. యాభై ఏడేళ్లలో మూడుసార్లు తుపాకులు పేలిన సరిహద్దు తగాదాకు 1998 అక్టోబరు 26న బ్రెజీలియాలో ముగింపు పలికిన ఒప్పందాల్లో ఈ పట్టా ఒకటి. శాంతి ఒప్పందం అనగానే మనకు కరచాలనాల ఫొటో గుర్తొస్తుంది. నాకు మాత్రం దాన్ని పాతకాలపు వడ్రంగి పనిలా చూడాలనిపిస్తుంది. మేకు కనబడకుండా రెండు చెక్కలు ఎలా అతికాడో తెలుసుకోవాలంటే బల్ల కిందికి వంగి చూడాలి.

ముందు చెడిపోయిన పని గురించి చెప్పాలి. మా తాతగారి పొలం కాగితాల్లో ఈశాన్యపు హద్దు ‘చింతచెట్టు’ అని ఉండేది. రాసిననాడు అక్కడ చింతచెట్టు ఉంది. తరవాత ఏదో గాలివానకు చెట్టు పోయింది, తగాదా మిగిలింది. పెరూ, ఈక్వడార్‌ల కథ దీనికి తలకిందులు. వాళ్ల కాగితంలో రాసుకున్న హద్దు మొదటినుంచీ అక్కడ లేదు.

1941లో రెండు దేశాలకూ యుద్ధం జరిగి పెరూ గెలిచింది. 1942 జనవరి 29న రియో డి జనీరోలో ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. తేదీ చూడండి, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడి రెండు నెలలు కూడా కాలేదు. అమెరికా ఖండాల విదేశాంగ మంత్రులందరూ ఆ పెద్ద యుద్ధం గురించి మాట్లాడుకోవడానికి రియోలో చేరారు. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు అన్నదమ్ముల గట్టు తగాదా ఎవరికి కావాలి? తొందరగా తేల్చెయ్యమన్నారు. తనదని చెప్పుకుంటూ వచ్చిన దాదాపు రెండు లక్షల చదరపు కిలోమీటర్ల మీద ఈక్వడార్ ఆశ వదులుకుంది.

ఆ తొందర ఒప్పందంలో ఒక్క వాక్యంలో కనిపిస్తుంది. కాండోర్ పర్వతాల దగ్గర సరిహద్దు ఎలా పోవాలో చెబుతూ, జమోరా, సాంటియాగో నదుల మధ్య ఉన్న నీటి విభజన రేఖ వెంట అని రాశారు. ఆలోచన సబబైనదే. కొండ నెత్తిన వాన పడితే ఇటు జారిన చినుకు ఒక నదిలో కలుస్తుంది, అటు జారిన చినుకు ఇంకో నదిలో కలుస్తుంది. ఆ రెండింటినీ విడదీసే నెత్తిగీతే హద్దు. రాయి పాతకపోయినా వాన పడినంతకాలం చెరగని గీత. సర్వే చేసేవాళ్లకు ఇంతకంటే నమ్మకమైన హద్దు దొరకదు.

కానీ రాసినవాళ్లెవరూ ఆ కొండలెక్కి చూడలేదు. అడవి దట్టం, పైన ఎప్పుడూ మబ్బు. కొన్నేళ్ల తరవాత అమెరికా విమానాలు పైనుంచి తీసిన ఫొటోలతో పటం గీస్తే తేలిందేమిటంటే, ఆ రెండు నదుల మధ్య సెనెపా అని మూడో నది ఉంది. ఉందని ముందే తెలుసు గానీ ఏదో చిన్న వాగు అనుకున్నారు. అది చాలా దూరం ఉత్తరానికి సాగి, రెండింటి మధ్యా సొంతంగా ఒక లోయ చేసుకుని కూర్చుంది. అప్పుడు జమోరాకూ సెనెపాకూ మధ్య ఒక గీత, సెనెపాకూ సాంటియాగోకూ మధ్య ఇంకో గీత. ఒప్పందంలో రాసిన ‘ఆ’ గీత ఏది? కాగితం మీద ఒకటి, నేల మీద రెండు.

ఇంతలో 1945లోనే బ్రెజిల్ నౌకాదళానికి చెందిన బ్రాజ్ దియాస్ దె అగ్యార్ అనే కెప్టెన్ మధ్యవర్తిగా, హద్దు కాండోర్ శ్రేణి మీదుగా పోవాలని తేల్చి ఉన్నాడు. పటం వచ్చాక ఈక్వడార్ అడ్డం తిరిగింది. 1948కల్లా రాళ్లు పాతే పని ఆగింది. 1960లో అధ్యక్షుడు వెలాస్కో ఇబర్రా అసలు ఒప్పందమే చెల్లదన్నాడు. పెరూ ఏమో అసలు సమస్యే లేదంది. పదిహేను వందల కిలోమీటర్లకు పైబడిన సరిహద్దులో రాళ్లు పడనిది సుమారు 78 కిలోమీటర్లు. ఒకరు కాగితం లేదంటారు, ఇంకొకరు తగాదా లేదంటారు. ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? మన ఊళ్లలోనైనా ఇలాంటి తగాదాలే కోర్టుల్లో మూడు తరాలు నడుస్తాయి.

అయినా ఆ చెడిపోయిన కాగితంలోనే ఎవరో తెలివైనవాడు ఒక మంచి మేకు దిగగొట్టి పోయాడు. ఒప్పందానికి అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, అమెరికా పూచీ పడ్డాయి. ఐదో అధికరణం ప్రకారం ఆ పూచీకి గడువు లేదు. సరిహద్దు చివరి అంగుళం దాకా తేలేవరకూ నాలుగు దేశాలూ తప్పుకోవడానికి వీల్లేదు. పెద్దమనుషులను పిలిస్తే వస్తారు, భోజనం చేస్తారు, వెళ్లిపోతారు. ఈ నలుగురికి మాత్రం పని ముగిసేదాకా తలుపు బయట గడియ పెట్టేశారు. యాభై ఏళ్ల తరవాత 1995 జనవరిలో సెనెపా ఎగువన మళ్లీ యుద్ధం మొదలైనప్పుడు, ఎవరిని పిలవాలి అన్న చర్చ లేకపోయింది. పిలవాల్సినవాళ్ల పేర్లు కాగితంలోనే ఉన్నాయి.

ఆ యుద్ధం కొన్ని వారాలే సాగింది. ‘ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యం’ అన్న నినాదం ఈక్వడార్ అంతటా మారుమోగింది. ఆ నినాదానికి ఒక చిరునామా కావాల్సి వచ్చింది, అదే టివింజా. అడవిలో ఒక చిన్న సైనిక స్థావరం. పెరూ అధ్యక్షుడు ఫుజిమోరి టివింజాను పట్టుకున్నామని ప్రకటించాడు. టివింజా మా చేతిలోనే ఉందని ఈక్వడార్ విలేకరులను తీసుకెళ్లి చూపించింది. ఎవరి టివింజా ఎక్కడుందన్నదే ఒక గొడవ. ఆ అడవిలో ఏ చెట్టు దగ్గర నిలబడినా టివింజా అనవచ్చు మరి. ఆ పేరు మాత్రం ఈక్వడార్ బడిపిల్లల దాకా పాకిపోయింది. అక్కడ చనిపోయిన సైనికులున్నారు. ఇకమీదట ఏ అధ్యక్షుడూ ఆ పేరును వదులుకుని ఇంటికి తిరిగి రాలేడు. పటం మీద గీత పెరూ వైపు ఉంటే ఉండవచ్చు, టివింజా మాత్రం ఈక్వడార్‌కు రావాలి. అతకాల్సిన చోటు ఇదే.

1995 ఫిబ్రవరి 17న ఇటామరాతీ ప్రకటనతో కాల్పుల విరమణ కుదిరింది. ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. ఈక్వడార్ రియో ఒప్పందం పేరెత్తడానికి ఒప్పుకుంది. పెరూ తేలని విషయాలు కొన్ని ఉన్నాయని ఒప్పుకుంది. ఇద్దరూ చెరొక మాట దిగారు, అంతే. ఒకరి నోట్లోంచి ‘చెల్లదు’ పోయింది, ఇంకొకరి నోట్లోంచి ‘సమస్య లేదు’ పోయింది. భూమి ఒక్క గజం కూడా ఎవరూ ఇవ్వలేదు. తరవాత నాలుగు పూచీ దేశాల సైనికాధికారులు ఒక బ్రెజిల్ జనరల్ కింద పరిశీలకులుగా అడవిలోకి దిగారు. మోమెప్ అని దాని పొట్టిపేరు. పరిశీలకుల కోసమని రెండు పక్షాలూ తమ స్థావరాలు ఎక్కడున్నాయో అక్షాంశ రేఖాంశాలతో రాసివ్వాల్సి వచ్చింది. అప్పటికి అది రోజువారీ కాగితం పని. ఈక్వడార్ రాసిచ్చిన ఆ అంకెల్లో టివింజా కూడా ఉంది. ఆ కాగితాన్ని గుర్తుంచుకోండి.

మాటల దశ మూడేళ్లు నడిచింది. అందులో చాలాభాగం విసుగు పుట్టించేదే, దాటేద్దాం. ఒక్క ఏర్పాటు మాత్రం చెప్పకుండా ఉండలేను. 1998లో పనిని నాలుగు సంఘాలకు పంచి నాలుగు పూచీ దేశాల రాజధానులకు పంపేశారు. వ్యాపారం, నదుల్లో పడవల రాకపోకల సంగతి బ్యూనస్ ఎయిర్స్‌లో. సరిహద్దు ప్రాంతాల అభివృద్ధి వాషింగ్టన్‌లో. సైన్యాల మధ్య నమ్మకం సాంటియాగోలో. హద్దురాళ్లు మాత్రం బ్రెజీలియాలో. చిక్కుముడి ఉన్నది నాలుగో గదిలోనే. అయినా మిగతా మూడు గదుల్లో రోడ్లు, కాలవలు, రేవుల పనులు ముందే తయారై కూర్చున్నాయి. నాలుగో గది తలుపు తెరుచుకోకపోతే అవన్నీ వృథా. పెళ్లికి పిండివంటలన్నీ చేసేశాక కట్నం దగ్గర పెళ్లి చెడగొట్టడానికి ఎంత గుండె ఉండాలో మనకు తెలుసు కదా.

అయినా చెడిపోయేంత పనీ అయింది. 1998 ఆగస్టులో రెండు సైన్యాలూ మళ్లీ ఎదురెదురుగా వచ్చాయి. ఆగస్టు 10న జమీల్ మవాద్ ఈక్వడార్ అధ్యక్షుడయ్యాడు. కిటో నగరానికి మేయరుగా చేసినవాడు, హార్వర్డ్‌లో చదువుకున్నవాడు. సంప్రదింపుల విద్య చెప్పే రోజర్ ఫిషర్ అనే హార్వర్డ్ ఆచార్యుడి సలహా తీసుకున్నాడు. పదవిలోకి వచ్చి వారం తిరక్కుండానే పరాగ్వే రాజధానిలో ఫుజిమోరిని కలిశాడు. ఫుజిమోరి అప్పటికి ఎనిమిదేళ్లుగా అధ్యక్షుడు, మవాద్ కంటే ముందు నలుగురు ఈక్వడార్ అధ్యక్షులతో వ్యవహరించినవాడు. మవాద్ తన వాదన మొదలుపెట్టలేదు. మీరు అనుభవజ్ఞులు, నేను కొత్తవాణ్ణి, మీరేమంటారు అని అడిగాడు. ఎదుటివాణ్ణి పెద్దవాణ్ణి చేసి కూర్చోబెట్టడం మన ఇళ్లల్లో వియ్యంకుల దగ్గర రోజూ జరిగేదే. ఇందులో కిటుకు లేకపోలేదు, కానీ అబద్ధం కూడా లేదు.

ఫిషర్ ఇచ్చిన సలహాల్లో ఒక ఫొటో గురించిన సలహా ఉంది. ఇద్దరు అధ్యక్షులూ చేతులు కలుపుతూ కెమెరాకేసి నవ్వే ఫొటో వద్దు. పక్కపక్కన కూర్చుని, ముందున్న కాగితాన్నో పటాన్నో ఇద్దరూ కలిసి చూస్తున్న ఫొటో కావాలి. ఫొటో అలాగే వచ్చింది, పత్రికల్లో పడింది. రెండు దేశాల జనానికీ మాటల్లో చెప్పని సంగతొకటి అందులో కనిపించింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోవడంలేదు, ఒకే లెక్కను చూస్తున్నారు.

అయినా టివింజా దగ్గర లెక్క తెగలేదు. అక్టోబరు మొదట్లో ఇద్దరూ బ్రెజిల్ అధ్యక్షుడు కార్డోసోకు ఉత్తరం రాశారు, పూచీ దేశాలే ఒక దారి చెప్పండి అని. ఇక్కడ పూచీ దేశాలు చేసిన పని నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా సొగసైనది. చెబుతాం, కానీ మేం చెప్పేది ఏదైనా సరే కట్టుబడతామని మీ రెండు పార్లమెంటులూ ముందుగా ఓటు వెయ్యాలి అన్నారు. తీర్పు చూడకముందే తీర్పుకు తల వంచడం! అక్టోబరు 16న రెండు చోట్లా ఓటింగ్ జరిగింది, రెండూ ఒప్పుకున్నాయి.

పైకి ఇది సాహసంలా, చెప్పాలంటే దబాయింపులా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే మర్మం వేరు. మామూలు పద్ధతిలో ఒప్పందం ముందు వస్తుంది, పార్లమెంటు దాన్ని తరవాత చీల్చి చెండాడుతుంది. ప్రతి సభ్యుడూ పటం విప్పి ఫలానా కొండ ఎందుకిచ్చావని అధ్యక్షుణ్ణి నిలదీస్తాడు. ఇక్కడ కొండ పేరు ఎవరికీ తెలియకముందే ఓటు పడింది. ఓటు కొండ మీద కాదు, తగాదా ముగించాలా వద్దా అన్న దాని మీద. ఆ ప్రశ్నకు వద్దు అని చెయ్యెత్తడం కష్టం. పైగా రేపు వచ్చే నింద అధ్యక్షుల మీద పడదు, నాలుగు దేశాల మీద పడుతుంది. నింద మొయ్యడానికే పెద్దమనుషులున్నది. ప్రజాస్వామ్యానికి ఇది న్యాయమేనా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. పని జరిగింది.

వారం తిరిగాక జవాబు వచ్చింది. గీత అగ్యార్ చెప్పినట్టే దాదాపు కాండోర్ శ్రేణి మీదుగా పోతుంది, అంటే పెరూ వాదన నిలిచింది. గీతకు రెండువైపులా ఒకే పేరుతో పర్యావరణ రక్షిత ప్రాంతాలు, వాటిలో సైన్యాలు ఉండకూడదు. అప్పుడు వచ్చింది మన దస్తావేజు.

‘టివింజా’ అన్న పేరును ఎలా పట్టుకున్నారో చూడండి. ఊరు అనలేదు, స్థావరం అనలేదు. మోమెప్‌కు ఈక్వడార్ ఇచ్చిన బిందువు నడిమధ్య ఉండేలా ఒక చదరపు కిలోమీటరు అన్నారు. మూడేళ్ల కిందట పరిశీలకుల కోసం రాసిచ్చిన ఆ అంకెలే ఇప్పుడు చెక్కుబందీ అయ్యాయి. టివింజా ఎక్కడ అన్న గొడవను వాళ్లు తేల్చలేదు, తేల్చాల్సిన అవసరం లేకుండా చేశారు. మీరే రాసిచ్చారు కదా, అదే టివింజా. ఎవరు పట్టుకున్నారు, ఎవరు కోల్పోయారు అన్న మాట ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

తరవాతి షరతులు వరసగా చదువుతుంటే మన రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద కూర్చున్నట్టే ఉంటుంది. పెరూ ప్రభుత్వ సంస్థ బహిరంగ దస్తావేజు రాసి ఉచితంగా ఇస్తుంది. దీనివల్ల పెరూ సార్వభౌమాధికారానికి భంగం లేదు. పెరూ దాన్ని జప్తు చెయ్యకూడదు. పెరూ చట్టం ఒక మామూలు ఆస్తిదారుకు ఇచ్చే హక్కులన్నీ ఈక్వడార్‌కు ఉంటాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ బదిలీ చేసే హక్కు. మన దస్తావేజుల్లో ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అని గుక్క తిప్పుకోకుండా రాస్తారే, ఆ ముక్క ఇక్కడ కత్తిరించేశారు. మన ప్రభుత్వాలు పేదలకిచ్చే డి-ఫారం పట్టా చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. దున్నుకోవచ్చు, పిల్లలకు రావచ్చు, అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదని 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూములకు చట్టమే చేసింది. ఒక దేశానికి డి-ఫారం పట్టా ఇవ్వవచ్చన్న ఊహ మాత్రం మనకెవరికీ రాలేదు.

అమ్మకూడదన్నది ఎందుకు? అమ్మగలిగిన ఆస్తికి ధర ఉంటుంది, ధర ఉన్నదాని మీద బేరం ఉంటుంది, బేరం ఉన్నచోట మూడోవాడు వస్తాడు. ఆ కిలోమీటరులో ఉన్నది జ్ఞాపకం, దానికి బేరం వద్దు. జప్తు చెయ్యకూడదన్నది దానికి అవతలి చెంప. పెరూలో రేపు ఎవరొచ్చినా, ఏ కోపం వచ్చినా ఆ జ్ఞాపకం జోలికి రాకూడదు. ఇచ్చినవాడి చేతినీ పుచ్చుకున్నవాడి చేతినీ ఒక్కొక్క వాక్యంతో కట్టేశారు.

దారి సంగతి కూడా ఉంది. పొలం ఇచ్చి దారి ఇవ్వకపోతే ఏమవుతుందో మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కిలోమీటరు నుంచి ఈక్వడార్‌లోకి ఒకే ఒక్క దారి, వెడల్పు ఐదు మీటర్లకు మించకూడదు. ఈక్వడార్ పౌరులు దాని మీద పెరూ పౌరుల్లాగే స్వేచ్ఛగా తిరగవచ్చు. ఐదు మీటర్లంటే ఒక బండి దర్జాగా పోతుంది, ఎదురుగా ఇంకోటి వస్తే కాస్త ఒదగాలి. తీర్థానికి పోయేవాళ్లకు చాలు, దండు నడవడానికి ఇరుకు. వెడల్పు రాసిన చెయ్యి ఇదంతా లెక్కేసుకునే రాసిందని నేననుకుంటాను.

ఇంత మెచ్చుకున్నాను గనక పగుళ్లు కూడా చెప్పాలి. ఒప్పందంలో భాగంగా అమెజాన్ నదీ మార్గాల మీద ఈక్వడార్‌కు రెండు వాణిజ్య కేంద్రాలు ఇస్తామనడంతో పెరూలోని ఇకీటోస్ పట్టణం భగ్గుమంది. ప్రభుత్వ భవనాలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. నది ఒడ్డున బతికేవాళ్లను అడక్కుండా నది గురించి రాశారన్నది వాళ్ల కోపం. సంతకాలకు కొద్ది వారాల ముందు పెరూ విదేశాంగ మంత్రి రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఇంకో పగులు ఇంతకంటే పాతది. కాండోర్ కొండలు అసలు షువార్, అవహూన్, వాంపీస్ తెగలవి. వాళ్ల చుట్టాలు గీతకు రెండువైపులా ఉన్నారు. టివింజా అన్నదే షువార్ పేరు. రాళ్లు పాతాక అటూ ఇటూ తిరగడానికి అనుమతులు వచ్చాయి గానీ, తరవాతి ఏళ్లలో రక్షిత ప్రాంతం హద్దులు ఎక్కడిదాకా, గనులు ఎక్కడినుంచి అన్న తగాదాలో వాళ్లు మళ్లీ కర్రలు పట్టుకుని రోడ్డెక్కాల్సి వచ్చింది. రెండు రాజధానుల మధ్య గీత తేలిందే గానీ, అడవికీ రాజధానికీ మధ్య గీత తేలలేదు.

సంతకాలు చేసినవాళ్లు కూడా దేవతలేం కాదు. చివరి హద్దురాయి 1999 మే 13న పడింది. ఆ తరవాత ఏడాది తిరక్కముందే, 2000 జనవరిలో, మవాద్‌ను పదవినుంచి దించేశారు. అదే ఏడాది నవంబరులో ఫుజిమోరి జపాన్ వెళ్లి అక్కడినుంచి రాజీనామా ఫ్యాక్స్ చేశాడు. తరవాత మానవ హక్కుల ఉల్లంఘన కేసుల్లో శిక్ష కూడా పడింది. ఒప్పందం మాత్రం ఇద్దరి పదవులకంటే ఎక్కువకాలం బతికింది. ఆ సరిహద్దులో రెండు సైన్యాల మధ్య మళ్లీ యుద్ధం రాలేదు. రాసినవాడి గుణం మీద ఆధారపడని కాగితాన్నే నేను మంచి పని అంటాను.

ఒక షరతు చెప్పకుండా అట్టేపెట్టాను. ఆ చదరపు కిలోమీటరులో ఈక్వడార్ సైనికులు గానీ పోలీసులు గానీ ఆ హోదాలో ఉండకూడదు. దీనికి మినహాయింపు ఒక్కటే, సంస్మరణ కార్యక్రమాలు, అదీ పెరూ ప్రభుత్వంతో ముందుగా మాట్లాడుకుని. ‘ఆ హోదాలో’ అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. చనిపోయిన సైనికుడి అన్న తను కూడా సైనికుడే అయితే, మామూలు బట్టల్లో ఆ ఐదు మీటర్ల దారి వెంట నడిచి, తమ్ముడు పడిన చోట కూర్చోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. యూనిఫాం వేసుకుని వందనం చెయ్యాలనుకుంటే మాత్రం ఒకప్పుడు ఎదురుగా తుపాకీ పట్టుకున్న ప్రభుత్వానికి ముందు ఒక ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు రమ్మని జవాబు రాయాలి.